కొట్టులోని తేమను తెలుపు పలుచని పూత

పండించుట యొక యెత్తు, పండిన దానిని నిలువ చేసికొనుట మఱియొక యెత్తు. కొట్టున పోసిన ధాన్యమునకు మొదటి శత్రువు తేమ. ప్రభుత్వపు కొనుగోలు కేంద్రములయందు వడ్లలో తేమ నూటికి 17 పాళ్లకు మించరాదు. నిలువయందు గింజల నడుమనున్న గాలి, తాను మోయగల నీటియావిరిలో నూటికి 70 పాళ్లకు మించి మోయుచున్నచో బూజు పట్టును. గింజను కొఱికి చూచు మన పెద్దల యలవాటు మంచిదే. కాని బస్తాల నడుమ రాత్రింబవళ్లు కాపుండుట దంతములకు సాధ్యము కాదు. ఆ పనికై సెన్సర్ అను చిన్న సాధనము కలదు.

క్రొత్త కుండ నీటిని పీల్చుటకు మట్టిలోని సన్నని రంధ్రములే కారణము. సెన్సరులోని పూతయు నట్టిదే. ఒక రకమునందు అల్యూమినియమును ఆమ్లములో నుంచి విద్యుత్తు పంపుదురు. దానిపై ఆక్సైడు పొర యేర్పడి, అందు వెండ్రుక మందములో సుమారు వేయవవంతు రంధ్రములు కలుగును. ఆవిరి చొరదగినంత పలుచని బంగారపు పూతను పైన వేయుదురు. ఆవిరి లోపల చేరిన కొలది ఆ పొర విద్యుత్తును నిలుపుకొను శక్తి హెచ్చును. యంత్రము దానిని కొలిచి యంకెగా చూపును.

వాయువులను కనుగొను సెన్సరునకు జపానులో నవొయొషి తగూచి 1962లో పేటెంటు కోరెను. 1968లో అది విపణికి వచ్చెను. వేడిచేసిన టిన్ ఆక్సైడు గాలిలోని ఆక్సిజనును పట్టియుంచును. మండెడు వాయువు తగిలిన నా ఆక్సిజను తొలగి, విద్యుత్తు సులభముగా ప్రవహించును. వంటగ్యాసు కారుటను హెచ్చరించు సాధనములలో దీనిని వాడుదురు. కాని పురుగులకై కొట్లలో నుంచు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలనుండి వెడలు ఫాస్ఫీన్ ప్రాణాంతకము. దానికి దానికొఱకే చేసిన సాధనము వలయును. వంటగ్యాసు సాధనమును నమ్మి మందు పెట్టిన కొట్టులోనికి పోరాదు.

ఊకధూళియు నూనెయావిరియు రంధ్రములను పూడ్చినచో తేమ సెన్సరు తప్పు చెప్పును. దానిని పరీక్షించుట సులభము. మూతగల డబ్బాలో వంటయుప్పును కొలది నీటితో తడిపి ముద్దగా నుంచుడు. తడి తగులకుండ సెన్సరును పైన నిలిపి, గట్టిగా మూసి, నీడలో ఒక రాత్రి యుంచుడు. అంకె 75కు దగ్గరగా నుండవలయును. ఐదు అంకెలకు మించి తేడా యున్నచో దానిని నమ్మవలదు.

మఱియొక సంగతి: ఈ యంకె గాలి తేమయే గాని గింజ తేమ కాదు. కొనుగోలు కేంద్రమునకు పోవుటకు ముందు గింజ తేమను వేఱుగా కొలిపించుకొనవలయును.

సభ్యులారా! ఒక్కొక్కరు కొనుట భారమైనచో సంఘము తరఫున ఒకటి కొని గోదామున నుంచుడు. ప్రతిదినము అంకెను పుస్తకమున వ్రాయుడు. అంకె 70కి చేరకముందే, పొడిగాలి వీచునపుడు తలుపులు తెఱచి, వలసినచో ధాన్యమును మరల నెండబోయుడు.