గాయపడిన సముద్రపు చేపకు ముందు మందు కాదు

ఉప్పునీటి అక్వేరియంలో చేప ఒంటి మీద ఎర్రటి మచ్చ కనబడగానే చాలామంది దుకాణానికి పరుగెత్తి ఏదో ఒక మందు తెచ్చి తొట్టిలో పోసేస్తారు. గాయం చేయని కీడు ఒక్కోసారి ఈ తొందర చేస్తుంది. మన చర్మంలో అన్నిటికన్నా పైన ఉండేవి చచ్చిన కణాలు. చేపకు అక్కడా బతికున్న కణాలే, వాటికి కాపలా పలచని జిగురు పొర. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటే, మనం పెంచే చేపల రక్తంలో అందులో మూడో వంతే ఉంటాయి. అందుకే వాటి ఒంట్లోని నీరు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి చేప సముద్రపు నీరే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా వెళ్లగొడుతుంది. చర్మం చిరిగితే ఈ చాకిరీ మరింత పెరుగుతుంది. మంచినీటి చేపలో నీరు లోపలికి వస్తుంది కాబట్టి గోల్డ్‌ఫిష్ తొట్టిలో కాస్త ఉప్పు వేస్తే దానికి ఊరట. ఆ చిట్కా ఇక్కడ చెల్లదు.

కాబట్టి మొదట తేల్చుకోవలసింది, అది గాయమా, జబ్బా అన్నది. సర్జన్‌ఫిష్ తోక మొదట్లో కత్తిలాంటి ముల్లు ఉంటుంది. అది కోసిన గాటు సన్నగా, తిన్నగా, అంచులు శుభ్రంగా కనిపిస్తుంది. కొరుకుడుకు చిరిగిన రెక్క అంచు రోజులు గడిచినా వెనక్కి జరగదు. కుళ్లుతున్న రెక్క తెల్లబారి తరిగిపోతూ వస్తుంది. ఒక్క కన్నే ఉబ్బితే చాలావరకు దెబ్బ తగిలినట్టే, రెండూ ఉబ్బితే ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. క్రోమిస్ చేపల పక్కల మీద కమిలినట్టు కనిపించే ఎర్రటి మచ్చ మాత్రం మోసం చేస్తుంది. దాన్ని దెబ్బ అనుకుని వదిలేస్తాం. తరచూ అది యూరోనీమా అనే పరాన్నజీవి పని, మందులకు అంత తేలిగ్గా లొంగదు.

ఇన్ఫెక్షన్ ముదిరేదాకా చూస్తూ కూర్చోమంటారా అని అడగవచ్చు. ఆ భయం సబబే, విబ్రియో బాక్టీరియా పుండులో త్వరగా పాకుతుంది. కానీ ప్రధాన తొట్టిలో రాగి మందు పోస్తే పగడాలు, రొయ్యలు చస్తాయి. యాంటీబయాటిక్ పోస్తే అమ్మోనియాను విరిచే మంచి బాక్టీరియాకూ ముప్పు. సముద్రపు నీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది గనుక అక్కడ అమ్మోనియా విషం మరింత గట్టిది. చేప తింటూ, మామూలుగా శ్వాసిస్తూ ఉంటే పట్టి బయటికి తీయడమే దానికి అదనపు హింస. వల రాపిడికి ఇంకొన్ని పొలుసులు ఊడతాయి. అప్పుడు నీరు శుభ్రంగా ఉంచి, కొట్టే చేపను వేరు చేస్తే చాలు. పుండు అంచు ఎర్రబడి పాకినా, మొప్పలు వేగంగా ఆడినా, తిండి మానేసినా ఆలస్యం చేయకూడదు. ఇసుక, రాళ్లు లేని వేరే తొట్టి, దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్క, ముందే బాక్టీరియా పట్టించి ఉంచిన స్పాంజి ఫిల్టర్, రోజూ అమ్మోనియా పరీక్ష: ఇవన్నీ ఉంటేనే మందు మాట. ఆ మందు కూడా జలచరాల వైద్యం తెలిసిన పశువైద్యుడి సలహాతోనే. పుండు మానాక చేపను తిరిగి వదిలే ముందు పాత తొట్టిలో రాళ్ల అమరిక మార్చాలి. కొట్టిన చేప తనదనుకున్న చోటు చెదిరిపోతే, కొత్త హద్దులు వెతుక్కునే పనిలో పడి వచ్చినదాని జోలికి పోవడం తగ్గుతుంది.