ఏడూ ఎనిమిదీ కలిస్తే అయిదు!

ఏడూ ఎనిమిదీ కలిపితే ఎంత? పదిహేను అంటారు మీరు. కాని మొనాకోలోని మాంటీకార్లో జూదశాలలోనో, చైనా తీరాన ఉన్న మకావులోనో ఒకానొక బల్ల దగ్గర అడిగితే "అయిదు" అని జవాబు వస్తుంది. ఆ బల్లమీద ఆడే పేకాట పేరు బాకరా. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో వ్యాపించిన ఈ ఆట నేడు మకావు జూదశాలలకు మరే ఆటా తేనంత రాబడి తెస్తోంది.

పేకాట మీద సైన్సు మాస్టారు పాఠమేమిటని మీ పెద్దలు కోప్పడవచ్చు. కారణం ఉంది. పదవ తరగతి కుర్రవాడొకడు ఒకనాడు ఒక నోటుపుస్తకం తెచ్చి నా బల్లమీద పెట్టాడు. "మాస్టారూ, ఇది మా అన్నయ్యది. ఫోనులో ఆడేవాడు. ధాన్యం అమ్మిన డబ్బు సగం పోయింది. ఈ లెక్కలో తప్పెక్కడుందో చెప్పండి" అన్నాడు. పుస్తకం నిండా 'బ్యా, బ్యా, ప్లే, బ్యా' అంటూ వరుసలు. డబ్బు పందేలతో ఆన్‌లైనులో ఆడించే ఆటలను 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. కాని వాడు అడిగింది చట్టం కాదు, లెక్క. అందుచేత ముందు ఆట తెలుసుకుందాం.

ఎనిమిది పేకకట్టలు, అంటే 416 ముక్కలు, కలిపి ఒక పెట్టెలో పెడతారు. ఆసు విలువ 1. రెండు నుంచి తొమ్మిది వరకు అంకె ఎంతో విలువ అంత. పది, జాకీ, రాణి, రాజు సున్నలు! (మన రమ్మీలో గొప్పవాళ్ళంతా ఇక్కడ ఉత్తవాళ్ళే.) ముక్కలు కూడి, ఒకట్ల స్థానంలోని అంకెనే లెక్కలోకి తీసుకుంటారు. అందుకే పదిహేను అయిదయింది. తొమ్మిదిని మించిన విలువ లేదు.

బల్లమీద 'ప్లేయరు', 'బ్యాంకరు' అని రెండు పక్షాలు. ఇవి మనుషులు కావు, ఉత్త పేర్లే. మనం ఏ పక్షం మీదనైనా పందెం కాయవచ్చు, లేదా రెండూ సమం అవుతాయని కాయవచ్చు. చెరి రెండు ముక్కలు వేస్తారు. ఎవరికైనా 8 గాని 9 గాని వస్తే ఆట అక్కడితో సరి. లేకపోతే ప్లేయరుకు 5 లేదా అంతకు తక్కువ ఉంటే మూడవ ముక్క తీస్తారు, 6, 7 ఉంటే తీయరు. ప్లేయరు ఆగిపోతే బ్యాంకరుకూ ఇదే నియమం.

ప్లేయరు మూడవ ముక్క తీసినప్పుడే తమాషా. అది ఏ ముక్కో చూసి గాని బ్యాంకరు సంగతి తేల్చరు. ఉదాహరణకు బ్యాంకరు దగ్గర 5 ఉంది. ప్లేయరుకు మూడవ ముక్కగా రాజు వచ్చాడనుకోండి. ప్లేయరు మొదటి మొత్తం 0 నుంచి 5 లోపుదే కదా. రాజు సున్న గనుక అది మారదు. బ్యాంకరు ఓడే వీలే లేదు, ఆగుతాడు. అదే నాలుగు వస్తే? ప్లేయరు మొత్తం 4, 5, 6, 7, 8, 9లలో ఏదో ఒకటి. బ్యాంకరు ఒక్క నాలుగునే గెలవగలడు, అందుచేత మూడవ ముక్క తీయవలసిందే. ఇలాంటి నిర్ణయాలన్నీ ముందే పట్టికగా రాసి ఉంటాయి. ఆడేవాడి తెలివికి ఇందులో పని లేదు.

ఎదుటివాడి ముక్క చూశాక నిర్ణయం గనుక బ్యాంకరుకు కాస్త అనుకూలం. 10,000 ఆటల్లో బ్యాంకరు గెలిచేవి సుమారు 4,586, ప్లేయరు గెలిచేవి 4,462, సమమయ్యేవి 952. అలాగైతే ఎప్పుడూ బ్యాంకరు మీదే కాస్తే పోలేదా? జూదశాలవాడు అంత అమాయకుడు కాడు. ఆ గెలుపులో నూటికి 5 కమీషను పట్టుకుంటాడు. ఆటకొక చింతగింజ చొప్పున కాస్తే వచ్చేవి 4,586 కాదు, 4,357 మాత్రమే. పోయేవి 4,462. నికరంగా 105 నష్టం! ప్లేయరు మీద కాస్తే 124 నష్టం. సమం మీద కాస్తే గింజకు 8 గింజలిస్తారని ఆశపడతారు. లెక్క చూడండి: 952 సార్లు ఎనిమిదేసి చొప్పున 7,616 వస్తాయి, మిగిలిన 9,048 సార్లు ఒక్కొక్క గింజ పోతుంది. నష్టం 1,432.

మేమూ తరగతిలో చింతగింజలతో సుమారు 200 ఆటలు ఆడి చూశాం. ఆ రోజు ప్లేయరే ఏడు ఆటలు ముందున్నాడు! కుర్రవాళ్ళు నన్ను చూసి నవ్వారు. కొద్ది ఆటల్లో ఏమైనా జరుగుతుంది. జూదశాల మాత్రం పగలూ రాత్రీ, వేల ఆటలు ఆడిస్తుంది.

ఇక నోటుపుస్తకం. బ్యాంకరు వరుసగా అయిదుసార్లు గెలిచిన ప్రతిచోటా ఆ అన్న "ఇప్పుడు ప్లేయరు రాక తప్పదు" అనుకుని పందెం రెట్టింపు చేశాడు. తప్పు అక్కడుంది. సమాలు వదిలేస్తే ప్రతి ఆటలోనూ బ్యాంకరుకు నూటికి దాదాపు 51 వంతుల అవకాశం. వరుసగా అయిదు రావటం 30కి ఒకసారి జరిగే మామూలు సంగతే. ఆరవసారీ అదే 51. గడిచిన ఆటలు ముక్కలకు తెలియవు. జూదశాలలవాళ్ళే ఈ వరుసలు రాసుకోమని కాగితం, పెన్సిలు ఇస్తారు. వాటితో గెలిచే వీలుంటే ఇస్తారా?

"అయిపోయిన ముక్కలు మళ్ళీ పెట్టెలోకి రావు కదా మాస్టారూ, అవకాశాలు మారవా?" అని అడిగాడు వాడు. మంచి ప్రశ్న. మారతాయి. అమెరికా గణితవేత్త ఎడ్వర్డ్ థార్ప్ బ్లాక్‌జాక్ అనే ఆటను అలాగే గెలవవచ్చని 1962లో పుస్తకం రాశాడు. బాకరానూ పరిశీలించాడు. ఇందులో ఆ మార్పు ఎంత స్వల్పమంటే, ప్లేయరు, బ్యాంకరు పందేల్లో దానితో లాభం తీయటం సాధ్యం కాదు.

మీకొక లెక్క. బ్యాంకరు దగ్గర 4 ఉంది, ప్లేయరు మూడవ ముక్క 9. బ్యాంకరు ముక్క తీయాలా, ఆగాలా?