నలభై ఏళ్ల అంబాసిడర్‌కి నవంబరు గండం!

‘ఇదింకా నడుస్తోందా మాస్టారూ?’

జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా దాదాపు ముప్పై కిలోమీటర్లు. ఈ దారిలో ఎక్కడ ఆపినా ఈ ప్రశ్న తప్పదు. పెట్రోలు బంకులో కుర్రాడు అడుగుతాడు. చిల్లకల్లు దగ్గర టీ కొట్టాయన అడుగుతాడు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి ముందు కొబ్బరికాయలమ్మే అవ్వ అయితే బానెట్ మీద చెయ్యేసి మరీ అడుగుతుంది.

నడుస్తోందండీ. మాది 1986 నవంబరులో రిజిస్ట్రేషన్ అయిన అంబాసిడర్ మార్క్-4, పెట్రోలు బండి. వచ్చే నవంబరుకి నలభై నిండుతాయి. అసలు పరీక్ష కూడా ఆ నెలలోనే ఉంది. అదేమిటో చెప్పేముందు ఇన్నాళ్లూ ఇది ఎలా నడిచిందో చెప్పాలి. ఎందుకంటే అందులో నా గొప్పేమీ లేదు. నేను లెక్కలు చెప్పి రిటైరైన బడిపంతుల్ని. స్టీరింగు పట్టుకోవడం తప్ప నాకేమీ రాదు.

మెట్టకి తగిన బండి

మా నాన్న జగ్గయ్యపేటలో పత్తి వ్యాపారం చేసేవారు. అప్పట్లో మా మెట్ట ఊళ్ల రోడ్లు ఎలా ఉండేవో ఆ తరం వాళ్లకి చెప్పక్కర్లేదు. వేసవిలో గుంటలు, వానాకాలం నల్లరేగడి బురద. ఆ దారుల్లో పత్తి రైతు ఇంటిదాకా వెళ్లగలిగిన కారు అంబాసిడర్ ఒక్కటే. వెనక కమాన్ కట్టలు, ఎత్తయిన అడుగు, దళసరి రేకు. ముందు ముగ్గురు, వెనక ఐదుగురు, ఒళ్లో పిల్లలు. మా వీధిలో ఎన్ని పెళ్లిళ్లకి ఇది బంతిపూలు కట్టించుకుందో లెక్కలేదు. పురిటి నొప్పులతో ఉన్న వాళ్లని అర్ధరాత్రి బెజవాడ పెద్దాసుపత్రికి చేర్చింది కూడా ఇదే.

పుట్టుక చూస్తే ఇది ఇంగ్లిషు బండి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారుని తీసుకుని, బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు తయారుచేశారు. 1957లో మొదలై 2014 మే నెలదాకా, పైపైన మార్పులతో అదే రూపం. ఆగిపోవడానికి ఏడాది ముందు, 2013లో, బీబీసీ ‘టాప్ గేర్’ కార్యక్రమం ప్రపంచంలోకెల్లా మేటి టాక్సీగా దీన్నే ఎంచింది. ఆ పేరు కూడా ఫ్యాక్టరీని కాపాడలేకపోయింది. 2017లో అంబాసిడర్ అనే బ్రాండుని ఫ్రాన్సుకి చెందిన ప్యూజో సంస్థకి 80 కోట్ల రూపాయలకి అమ్మేశారు. పేరు సముద్రం దాటింది. బళ్లు మాత్రం మనలాంటి వాళ్ల పాకల్లో మిగిలాయి.

మేస్త్రి చేతిలో పదిహేను

నాన్న పోయాక బండి నందిగామలోని మా ఇంటికొచ్చింది. మేస్త్రి మాత్రం మారలేదు. జగ్గయ్యపేటలో చిన్న రేకుల షెడ్డు ఆయనది. పద్నాలుగో ఏట స్పానర్లు అందించడంతో మొదలుపెట్టి, ఇప్పుడు అరవై ఎనిమిదికి వచ్చారు. ఈ బండి మొదటి సర్వీసు నుంచి ఆయన చేతి మీదే.

మా బండికి కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు. 1,489 సీసీ ఇంజిను, ఒక కార్బురేటర్, ఒక డిస్ట్రిబ్యూటర్. అందుకే జబ్బు ఏమిటో యంత్రం చెప్పదు, మనిషే కనిపెట్టాలి. మేస్త్రి పెద్ద స్క్రూడ్రైవరు కొనని ఇంజిను దిమ్మకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటారు, డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు. ‘మూడో ట్యాపెట్ మోగుతోంది’ అంటారు. విప్పితే మూడోదే ఉంటుంది.

దీని లెక్కలు నాకు నోటికొచ్చేలా నేర్పింది కూడా ఆయనే. ట్యాపెట్ల సందు పదిహేను థౌ, అంటే అంగుళంలో వెయ్యి వంతులు చేస్తే అందులో పదిహేను. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల సందు కూడా పదిహేనే. ప్లగ్గుకి ఇరవై ఐదు. కొలిచే బ్లేడు దొరకని చోట, ఆ ఇరవై ఐదుకి ఆక్సా బ్లేడు మందం సరిగ్గా సరిపోతుంది. ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇదీ సిలిండర్లు మండే వరుస. నలభై ఏళ్లు ఎక్కాలు చెప్పిన నాకు ఇంత చిన్న లెక్కల మీద ఇంత పెద్ద బండి నడుస్తుందంటే ఇప్పటికీ ముచ్చటే.

ఎండ ఒక దెబ్బ, పెట్రోలు ఇంకో దెబ్బ

మా నందిగామ ఎండలు మీరు పేపర్లో చూసే ఉంటారు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం మాకు వింతేం కాదు. ఆ వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరైపోతుంది. గొట్టంలో ఆవిరి బుడగ నిలబడితే ఇంజినుకి పెట్రోలు అందదు. బండి నడిరోడ్డు మీద దగ్గి దగ్గి ఆగిపోతుంది. మందు ఒక్కటే. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ చుట్టి, చెట్టునీడ చూసుకుని అరగంట కూర్చోవడం. అందుకే వేసవిలో మా బండిలో స్టెప్నీతో పాటు ఐదు లీటర్ల నీళ్ల క్యాను, పాత తువ్వాలు ఉంటాయి. మా ఆవిడ ఇంకో సీసాతో మజ్జిగ కూడా పెడుతుంది.

పెట్రోలు మారినప్పుడల్లా కూడా బండికి ఒక గండం వచ్చింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆపేశారు. జనం ఊపిరితిత్తులకి అది మంచిదే. కానీ పాత ఇంజిన్లలో వాల్వులు కూర్చునే చోటు అరిగిపోకుండా కాపాడింది ఆ సీసమే. రెండేళ్లలో మా బండి వాల్వుల సీట్లు లోపలికి దిగిపోయాయి. హెడ్డు విప్పి బెజవాడ ఆటోనగర్ తీసుకెళ్లి గట్టి ఉక్కు సీట్లు వేయించాల్సొచ్చింది.

ఇప్పుడు ఇథనాల్ వంతు. బంకుల్లో దొరికే పెట్రోలులో నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ ఉంటోంది. కొత్త బళ్లని దానికి తగ్గట్టే తయారుచేస్తున్నారు. 1986 నాటి రబ్బరు గొట్టాలకి ఆ సంగతి తెలియదు. అవి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, పగుళ్లిస్తాయి. పైగా ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది. బండి నెలల తరబడి కదలకపోతే ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు మొదలవుతుంది. నిరుడు పెట్రోలు గొట్టాలన్నీ తీయించి ఇథనాల్‌ని తట్టుకునేవి వేయించాను. పంపులో పొర మార్పించాను. కార్బురేటర్‌లో మిశ్రమం కాస్త చిక్కన చేయించాను. లీటరుకి పది కిలోమీటర్లు ఇచ్చే బండి ఇప్పుడు తొమ్మిదికి అటూ ఇటూగా ఇస్తోంది.

సామాను వేట

కంపెనీయే లేనప్పుడు సామాను ఎక్కడిదని అడుగుతారు. ఇంజిను సామాను ఇప్పటికీ దొరుకుతుంది. బెజవాడ ఆటోనగర్‌లో నాలుగు కొట్లు తిరిగితే సగం పని అవుతుంది. అక్కడ లేకపోతే సికింద్రాబాద్ రాణీగంజ్, అక్కడా లేకపోతే కోల్‌కతా మల్లిక్ బజారు. ఫోనులో ఫొటో పంపితే పార్శిలు వస్తుంది. కష్టమంతా చిన్న వస్తువులతోనే. తలుపు పిడి, అద్దం దించే మర, ముందు లైటు చుట్టూ ఉండే మెరుపు రింగు. ఎడమవైపు వెనక లైటు అద్దం కోసం నేను పదకొండు నెలలు వెతికాను. చివరికి కంచికచర్లలో ఒక రైతు కోళ్లగూడు పక్కన మట్టికొట్టుకుని ఉన్న పాత టాక్సీకి దొరికింది. ఆయన డబ్బులు తీసుకోలేదు. ‘బండి తీసుకొచ్చి ఒకసారి చూపించండి చాలు’ అన్నాడు. చూపించాను. ఆ రైతు తండ్రి ఆ టాక్సీ డ్రైవరేనట. పెద్దాయన మా స్టీరింగు ముందు పావుగంట కూర్చుని లేచారు.

దొరకని వాటికి లేత్ మిషనే దిక్కు. బుష్షులు మేస్త్రి దగ్గరుండి తిరగేయిస్తారు. నిరుడు మొత్తం మీద నేను రాసుకున్న ఖర్చు 41,300 రూపాయలు. ఈ డబ్బుతో చిన్న కారుకి కొన్నాళ్లు వాయిదాలు కట్టొచ్చని మా అబ్బాయి గుర్తు చేస్తూనే ఉంటాడు. వాడి మాటా తప్పు కాదు.

వరదలో మునిగి లేచింది

2024 సెప్టెంబరు 1 ఆదివారం మా ప్రాంతం మరిచిపోలేదు. మున్నేరు, పాలేరు రెండూ ఒక్కసారే పొంగాయి. గరికపాడు దగ్గర, మా ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదకి నీళ్లొచ్చి హైదరాబాద్ - విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. బండి ఉన్న షెడ్డులోకి తెల్లారేసరికి సీటు ఎత్తున నీళ్లు. పక్కింటి కుర్రాడి కొత్త కారు కూడా అలాగే మునిగింది.

నీళ్లు తీశాక మేస్త్రికి ఫోను చేస్తే ముందు చెప్పిన మాట, ‘తాళం ముట్టుకోకండి మాస్టారూ.’ నీళ్లు చేరిన ఇంజినుని స్టార్టు చేస్తే లోపల రాడ్లు వంగిపోతాయట. రోడ్డు తెరిచాక మోటారు సైకిలు మీద వచ్చారు. ఇంజిను ఆయిలు, గేరుబాక్సు ఆయిలు, వెనక యాక్సిల్ ఆయిలు దింపేశారు. పాలెక్కువైన టీలా వచ్చింది. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్లో చెంచాడు ఆయిలు పోసి, ముందు నుంచి హ్యాండిలు పెట్టి చేత్తో మెల్లగా తిప్పారు. బ్రేకుల్లో ఆయిలు మార్చారు. డైనమో, స్టార్టరు విప్పి ఎండలో ఆరబెట్టారు. సీట్లు డాబా మీద ఆరాయి. పన్నెండో రోజు స్టార్టయింది. పక్కింటి కారుకి మాత్రం కంప్యూటర్లు, వైరింగు మొత్తం పోయాయి. బాగుచేయించడం కంటే వదిలేయడమే మేలని తేల్చారు.

అలాగని పాతదే గొప్పని నేను అనను. మా బండికి ఎయిర్‌బ్యాగులు లేవు. నాలుగు చక్రాలకీ పాతకాలం డ్రమ్ము బ్రేకులే. హైవే మీద అరవై దాటను, ముందు బండికి బాగా ఎడం ఇస్తాను. మనవరాలిని కాలేజీకి దింపాలంటే మా అబ్బాయి కారే వాడతాం.

ఇక నవంబరు సంగతి

సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. తర్వాత ఐదేళ్లకోసారి బండిని చూపించి, ఫిట్‌గా ఉందనిపించుకుని పొడిగించుకోవాలి. 2021లో నేను కట్టిన ఫీజు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు దీనికి అదనం. ప్రభుత్వ వాహనాలకైతే ఆ అవకాశం కూడా లేదు. పదిహేనేళ్లు దాటిన వాటి రిజిస్ట్రేషన్లు 2023 ఏప్రిల్ 1తో రద్దయ్యాయి. ఒకప్పుడు ఎమ్మార్వో ఆఫీసుల ముందు నిలబడ్డ తెల్ల అంబాసిడర్లు అలాగే తుక్కయ్యాయి.

‘ఇంకో పదేళ్లు ఆగితే వింటేజ్ అవుతుంది కదా’ అంటారు కొందరు. నిజమే. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఒక మెలిక ఉంది. ఆ నంబరు తీసుకున్న బండిని రోజువారీ పనులకి తిప్పకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, మరమ్మతుకి మాత్రమే బయటికి తీయాలి.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం కోసం చేయించిన 1912 నాటి రోల్స్ రాయిస్ ఉంది. చూడ్డానికి రెండు కళ్లు చాలవు. అది తిరిగింది చాలా కొద్ది మైళ్లే. రామారావుగారి చైతన్యరథం పాత షెవర్లే వ్యాను. దానికి విలువ వచ్చింది ఊరూరా తిరగడం వల్ల. మా అంబాసిడర్ ఈ రెండో జాతి. పత్తి సంచీ, పెళ్లికూతురు, పురిటి మనిషి ఎక్కని బండి అంబాసిడర్ ఎలా అవుతుంది? అందుకే పదివేలు కట్టి మామూలు నంబరుతోనే పొడిగించాలన్నది నా పట్టుదల.

పదివేలు దొరుకుతాయి. నా భయం ఫీజు గురించి కాదు. పోయిన సంక్రాంతికి మేస్త్రికి కంటి ఆపరేషన్ అయింది. పాయింట్ల మధ్య పదిహేను థౌ సందు ఇప్పుడు ఆయనకి మసకగా కనిపిస్తోంది. ‘దీని గుండెకేం ఢోకా లేదు మాస్టారూ, నా కళ్లకే వచ్చింది’ అని నవ్వారు. ఆయన శిష్యులు ముగ్గురూ షోరూముల్లో చేరిపోయారు. అక్కడ జీతం నెలనెలా వస్తుంది, ఎవరూ తప్పుపట్టలేరు.

ఈమధ్య పాలిటెక్నిక్ చదివే ఆయన మనవడు ఆదివారాలు షెడ్డుకి వస్తున్నాడు. తాత చెబుతుంటే ట్యాపెట్లు సర్దుతాడు, ప్రతి పనీ ఫోనులో వీడియో తీసుకుంటాడు. పొగ పరీక్షకి మా బండిలాంటి పాతవాటికి కార్బన్ మోనాక్సైడ్ మూడు శాతం దాటకూడదు. పోయిన నెల కార్బురేటర్ సర్దింది ఆ కుర్రాడే. కాగితం మీద 2.1 వచ్చింది. తాత ఆ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదివి, ఏమీ అనకుండా పదిహేను థౌ బ్లేడు తీసి మనవడి జేబులో పెట్టారు.

మీ పాకలోనూ పాత బండి ఉంటే...

* నెలకి రెండుసార్లయినా పది కిలోమీటర్లు తిప్పండి. కదలని బండికే జబ్బులెక్కువ.

* ఎక్కువ రోజులు వాడకపోతే ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకండి. రబ్బరు గొట్టాలు ఇథనాల్‌ని తట్టుకునేవో కాదో చూపించుకోండి.

* వరద నీటిలో మునిగితే తాళం తిప్పకండి. ముందు ఆయిళ్లన్నీ దింపించండి.

* రిజిస్ట్రేషన్ గడువు తేదీ ఆర్సీలో చూసుకుని, కొన్ని నెలల ముందే మరమ్మతు మొదలుపెట్టండి.

* అన్నిటికంటే ముందు, మీ మేస్త్రి పక్కన ఒక కుర్రాడు ఉన్నాడో లేడో చూడండి. లేకపోతే వెతకండి. సామాను కోల్‌కతా నుంచి వస్తుంది. చెయ్యి తిరిగిన మనిషి పార్శిల్లో రాడు.