బుడగ చేసే అసలు పని

"సార్, పంపు వదిలే బుడగల్ని చేప పీల్చుకుంటుందా?" అని తొమ్మిదో తరగతి కుర్రాడొకడు అడిగాడు. క్లాసులో సగం మంది అవునన్నారు. నిజానికి చేప ఒక్క బుడగనూ పీల్చదు. దాని మొప్పలు తీసుకునేది నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్‌నే. మరి ఆ బుడగలు రాత్రింబగళ్లు ఏం చేస్తున్నట్టు? ఎండాకాలంలో చేపల తొట్టి ఉన్న ప్రతి ఇంటివాళ్లూ తెలుసుకోవలసిన సంగతి ఇది.

లీటరు మంచినీళ్లు 20 డిగ్రీల దగ్గర గాలి నుంచి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను కరిగించుకోగలవు. 30 డిగ్రీలకు అది 7.5 దాకా పడిపోతుంది, 35కు 7 మిల్లీగ్రాములే. చేప ఒళ్లు నీళ్లంత వేడిగానే ఉంటుంది కాబట్టి, నీళ్లు కాగేకొద్దీ దాని ఒంట్లో పనులన్నీ వేగం పుంజుకుంటాయి. 10 డిగ్రీలు పెరిగితే ఆక్సిజన్ అవసరం దాదాపు రెట్టింపవుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో గోల్డ్‌ఫిష్ నీటి అంచుకు చేరి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే, మొప్పలు గబగబా ఆడుతుంటే, అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. ఫైటర్ చేప, మన కొర్రమీను అలా పైకొచ్చి గుటక వేస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు. వాటికి నేరుగా గాలి పీల్చే అవయవం వేరే ఉంది.

ఇక పంపు సంగతి. చిన్న తొట్లకు వాడే మామూలు గాలి పంపును ప్లగ్గు నుంచి తీసి, అడుగున ఉన్న మరలు విప్పి చూడండి. లోపల మోటారు కనిపించదు. గుండ్రంగా తిరిగేది ఒక్కటీ లేదు. ఇనుప రేకుల దొంతర మీద రాగితీగ చుట్ట, దానికి ఎదురుగా సన్నటి చేయి, ఆ చేతి కొసన బిళ్లంత అయస్కాంతం, చేతికి బిగించిన రబ్బరు గిన్నె, అంతే సరంజామా. మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దాంతో తీగచుట్ట కొస ఒక క్షణం ఉత్తర ధ్రువం, మరుక్షణం దక్షిణ ధ్రువం అవుతుంది. అయస్కాంతాన్ని ఓసారి ఇటు లాగి, ఓసారి అటు నెడుతుంది. చేయి ఊగుతుంది, రబ్బరు గిన్నె సాగి ముడుచుకుంటుంది, సెకనుకు 50 సార్లు. కొసన అయస్కాంతం బదులు ఉత్త ఇనుప ముక్క పెట్టి ఉంటే 100 సార్లు అదిరేది. ఇనుముకు ఏ ధ్రువమైనా ఒకటే, రెండూ లాగుతాయి.

గిన్నె ఊగినంత మాత్రాన గాలి ఒకే దిక్కుకు పోదు. అందుకు గిన్నె వెనక రెండు రంధ్రాలు, వాటి మీద పలచటి రబ్బరు రెక్కలు రెండు. ఒకటి లోపలికే తెరుచుకుంటుంది, రెండోది బయటికే. గిన్నె సాగితే గదిలో గాలి లోపలికొస్తుంది. ముడుచుకుంటే వచ్చిన దారి మూసుకుపోయి, గాలి గొట్టంలోకి దూరుతుంది. ఊగడం కరెంటుకు ఉన్న గుణం. ఆ గుణాన్నే నేరుగా పనికి పెట్టిన ఈ ఉపాయం నాకు ఎంత చూసినా తనివి తీరదు. చిన్న పంపుకు 3, 4 వాట్లు చాలు. ఇందులో ముందు అరిగేది రబ్బరే. చప్పుడు అంతే ఉండి బుడగలు తగ్గితే, చాలాసార్లు గిన్నె చిట్లడమే కారణం. చాలా పంపులకు ఆ ఒక్క ముక్క మారిస్తే సరిపోతుంది.

గొట్టం కొసన తగిలించే సన్న రంధ్రాల గాలి రాయిలోంచి బయటపడ్డ బుడగ అడుగు లోతు నీళ్లు దాటడానికి ఒకటి రెండు క్షణాలే పడుతుంది. ఆ కాస్త సమయంలో అది నీళ్లకిచ్చే ఆక్సిజన్ కొద్దిగానే. అసలు పని వేరే. బుడగలు కలిసిన నీళ్లు చుట్టూ ఉన్న నీళ్లకంటే తేలిక. అవి పైకి లేస్తాయి, ఆ ఖాళీలోకి కింద ఉన్న నీళ్లు వచ్చి చేరతాయి. జర్మనీలో కార్ల్ లోషర్ 1797లో ఈ సూత్రంతోనే నీళ్లు తోడే పద్ధతి కనిపెట్టాడు. కొత్త బోరు వేశాక కంప్రెసర్‌తో గాలి కొట్టి ఫ్లషింగ్ చేస్తున్నప్పుడు బురదనీళ్లు ఎగజిమ్మడం మన ఊళ్లలో చూస్తూనే ఉంటాం. అక్కడా గాలే నీళ్లను మోస్తుంది.

ఇలా మోయడం ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చెబుతుంది. అస్సలు కదలని నీళ్లలో ఆక్సిజన్ దానంతటది పాకుతూ అడుగు లోతుకు చేరాలంటే నెలలు పడుతుంది. పైగా ఎండకు వేడెక్కిన నీళ్లు తేలికై పైనే ఉండిపోతాయి, కిందివాటితో కలవవు. బుడగల వరస ఆ పొరను చెదరగొట్టి, ఆక్సిజన్ తగ్గిన నీళ్లను ఉపరితలానికి తెచ్చి గాలికి తగిలిస్తుంది. తొట్టి ఊపిరి పీల్చేది ఆ పైతలం దగ్గరే. అందుకే ఎంత పెద్ద తొట్టి అన్నదానికంటే నోరు ఎంత వెడల్పు అన్నది ఎక్కువ లెక్క. గుండ్రటి చిన్నమూతి గాజుబౌల్‌లో గోల్డ్‌ఫిష్‌ను ఉంచడం, వేసవిలో మరీనూ, దాన్ని హింసించడమే.

ఈ తెలివి తేలిగ్గా రాలేదు. 1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఒక నీటిమొక్క, కుళ్లిన ఆకులు తినడానికి నత్తలు కలిపి పెట్టి, నీళ్లు మార్చకుండానే తొట్టి నిలుస్తుందని చూపించాడు. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేప వాడుకుంటుంది. ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో రాసిన పుస్తకంతో ఈ సరదా ఇంగ్లండ్ అంతా పాకింది. దీనికి ఎదురు నిలిచిన ఆలోచన విలియం ఆల్‌ఫోర్డ్ లాయిడ్‌ది. నీళ్లు కదలాలి, చల్లగా ఉండాలి అన్నది ఆయన పట్టు. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియానికి ఆయన నేల కింద చీకట్లో, జనం చూసే తొట్లకంటే కొన్ని రెట్లు పెద్ద జలాశయం కట్టించాడు. ఎండ సోకని ఆ నీళ్లను పంపులు పైకి తోసేవి. తొట్లలోంచి అవి మళ్లీ కిందికి పోయేవి. నా మొగ్గు లాయిడ్ వైపే. వారింగ్టన్ సమతూకం పగటి వెలుగులో, చేపలు తక్కువున్నప్పుడు నిజం. చీకటి పడితే మొక్కలూ ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో ఏరేటర్లు రాత్రంతా తిరిగేది అందుకే. ఇంటి తొట్టి పంపును పడుకునే ముందు ఆపేసే అలవాటు ఉంటే ఈ వేసవికైనా మానండి.

లాయిడ్ జలాశయం మనకు కుదరదు, కుండ కిటుకు కుదురుతుంది. కుండలో నీళ్లు ఆవిరవుతూ మిగిలినవాటిని ఎలా చల్లబరుస్తాయో తొట్టిలోనూ అంతే. 100 లీటర్ల తొట్టిలోంచి ఒక లీటరు ఆవిరైతే, అది పట్టుకుపోయే వేడి మిగతా నీళ్లను దాదాపు 6 డిగ్రీలు దించేంత ఉంటుంది. గది నుంచి వేడి మళ్లీ చేరుతుంది కాబట్టి 2, 3 డిగ్రీలు దక్కుతాయి. మూత తీసి వల కప్పి, చిన్న ఫ్యాన్ గాలి నీటి మీదుగా వీచేలా పెట్టండి. పొడిగాలి ఉండే అనంతపురం, హైదరాబాద్‌లలో ఇది బాగా పనిచేస్తుంది, ఉక్కపోసే విశాఖలో అంతగా చేయదు. తగ్గిన మేర క్లోరిన్ పోయిన నీళ్లు పోయాలి. ఐసు ముక్కలు గుమ్మరిస్తే మాత్రం వేడిని తట్టుకున్న చేప ఆ కుదుపుకు చావొచ్చు.

లాయిడ్ కాలం తర్వాత స్పాంజి ఫిల్టర్లు, నీటిలో మునిగే మోటార్లు, బ్యాటరీ పంపులు, ఖరీదైన చిల్లర్లు వచ్చాయి. అయినా మన తొట్ల దగ్గర జీమంటూ ఊగే ఆ చిన్న పెట్టె చోటు పోలేదు. దాన్ని నీటి మట్టానికి పైనే పెట్టాలి, లేదా గొట్టానికి వన్‌వే వాల్వ్ తగిలించాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు తొట్టి నీళ్లు గొట్టం గుండా పంపులోకి వచ్చేస్తాయి. మిట్టమధ్యాహ్నం కోత పెట్టి, బ్యాటరీ పంపు లేకపోతే, మగ్గుతో తొట్టి నీళ్లే తీసి జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పోస్తూ ఉండండి. చేపలు పైనుంచి దిగి మామూలుగా ఈదేదాకా, కాసేపటికోసారి.