ఉక్రెయిన్ గ్రామీణ ఆవాసాలు: భౌగోళిక స్వరూపం, పాలనా విభజన

2022 యుద్ధానికి ముందు భారతదేశానికి పొద్దుతిరుగుడు నూనెను అత్యధికంగా ఎగుమతి చేసిన దేశం ఉక్రెయిన్. అందుచేత ఆ దేశపు పంటల విస్తీర్ణం, దిగుబడుల గణాంకాలు మన నూనెగింజల పరిశోధకులకు కూడ అవసరమైనవే. అయితే 2020లో అక్కడి జిల్లాల సరిహద్దులు సమూలంగా మారినందున, అంతకుముందరి జిల్లా స్థాయి లెక్కలను తరువాతి వాటితో నేరుగా పోల్చరాదు. ఈ మార్పును అర్థం చేసుకొనుటకు ముందుగా అక్కడి గ్రామాల అమరికను, పిదప పాలనా అంచెలను పరిశీలించవలసి ఉన్నది.

ప్రకృతి మండలాలు – గ్రామాల అమరిక

ఉత్తరాన ఉన్న పొలీస్సియా అడవులు, చిత్తడి నేలలతో కూడిన ప్రాంతం. ఇక్కడి ఇసుక నేలల్లో సారం తక్కువ. బంగాళాదుంప, రై, అవిసె సంప్రదాయ పంటలు. నీరు నిలువని మెరక స్థలాల్లోనే ఇళ్లు వెలసినందున గ్రామాలు చిన్నవిగా ఉంటాయి.

దీనికి దక్షిణాన అటవీ-స్టెప్పీ మండలం ఉన్నది. గోధుమ, మొక్కజొన్న, షుగర్‌బీట్ పండే ఈ ప్రాంతంలో గ్రామాలు నదీలోయల వెంబడి పొడవుగా సాగుతాయి. మరింత దక్షిణాన ఉన్న స్టెప్పీలో వర్షపాతం తక్కువ. నీటి వసతి, గాలి నుండి రక్షణ లభించే ‘బాల్కా’ అనే వెడల్పాటి వాగులోయలను ఆశ్రయించి ఇక్కడ గ్రామాలు ఏర్పడినాయి. ఇవి పెద్దవి, ఒకదానికొకటి దూరమైనవి. 18వ శతాబ్దం చివరి నుండి విస్తృతంగా వలసలు జరిగినందున పలు గ్రామాల్లో వీధులు తిన్నగా, ప్రణాళికాబద్ధంగా కనిపిస్తాయి. పశ్చిమాన కార్పాతియన్ కొండల్లో పశుపోషణ ప్రధానమగుటచే ఇళ్లు వాలుల మీద చెదరి ఉంటాయి.

అటవీ-స్టెప్పీ, స్టెప్పీ మండలాల్లో ప్రధానమైనవి చెర్నోజెమ్ నేలలు. వీటిని మన నల్లరేగడితో సమానంగా భావించరాదు. చెర్నోజెమ్‌కు నలుపు రంగు సమృద్ధిగా ఉన్న హ్యూమస్ వలన వస్తుంది. నల్లరేగడిలో సేంద్రియ కర్బనం సాధారణంగా తక్కువే. దాని ముఖ్య లక్షణం తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారే బంకమన్ను.

పాలనా అంచెలు

దేశంలో 24 ఒబ్లాస్ట్‌లు, క్రిమియా స్వయంపాలిత గణతంత్రం, ప్రత్యేక ప్రతిపత్తి గల కీవ్, సెవస్తోపోల్ నగరాలు ఉన్నాయి. ఒబ్లాస్ట్‌కు దిగువ అంచె రయోన్ (జిల్లా), దాని దిగువ అంచె హ్రొమాడ (స్థానిక సముదాయం). ఒక హ్రొమాడలో పలు ఆవాసాలు ఉండవచ్చు. గ్రామాన్ని ‘సెలో’ అనియు, కొంత పెద్ద ఆవాసాన్ని ‘సెలిష్చె’ అనియు అంటారు. సోవియట్ కాలం నుండి కొనసాగిన ‘పట్టణ తరహా ఆవాసం’ అనే వర్గం 2024 జనవరిలో రద్దయినది.

సంస్కరణకు పూర్వం పదివేలకు పైగా గ్రామ మండళ్లు ఉండేవి. చాలావాటికి సిబ్బంది జీతాలకు మించి ఖర్చుచేయగల ఆదాయం లేదు. 2015 నాటి చట్టం ఇవి స్వచ్ఛందంగా విలీనమగుటకు వీలు కల్పించినది; విలీనమైన హ్రొమాడలకు వ్యక్తిగత ఆదాయపు పన్నులో 60 శాతం వాటా లభించినది. 2020 జూన్‌లో ప్రభుత్వం 1,469 హ్రొమాడలను ఆమోదించినది. జూలైలో పార్లమెంటు 490 రయోన్లను 136కు కుదించినది.

పొల్టావా ఉదాహరణ

పొల్టావా ఒబ్లాస్ట్‌లో 25 రయోన్లు ఉండగా, నేడు పొల్టావా, క్రెమెన్‌చుక్, లుబ్ని, మిర్‌హొరోద్ అనే నాలుగే మిగిలినవి. ఒకప్పుడు రయోన్ కేంద్రమైన డికాంకా నేడు పొల్టావా రయోన్‌లో ఒక హ్రొమాడ కేంద్రం. కాబట్టి 2019 నాటి ‘పొల్టావా రయోన్’ గోధుమ దిగుబడిని 2021 నాటి అదే పేరుగల రయోన్ దిగుబడితో పోల్చిన పరిశోధకుడు, పేరు ఒక్కటే అయినను, రెండు వేర్వేరు భూభాగాలను పోల్చినవాడగును. వచ్చిన తేడా వంగడానిదో, వాతావరణానిదో, సరిహద్దుదో తేలదు.

గ్రామానికి కలిగిన ఫలితాలు

2021 మే వరకు గ్రామ పరిధికి వెలుపలి ప్రభుత్వ సాగుభూములపై గ్రామ మండలికి హక్కు ఉండేది కాదు. ఆ నెలలో అమలులోకి వచ్చిన చట్టం వాటిని హ్రొమాడలకు బదిలీ చేసినది. 2021 జూలై 1 నుండి సాగుభూముల క్రయవిక్రయాలపై నిషేధం కూడ తొలగినది. దీనితో కౌలు ఆదాయం, భూ వినియోగ ప్రణాళిక హ్రొమాడ చేతికి వచ్చినవి.

మరొకవైపు కార్యాలయం, పాఠశాల కేంద్ర గ్రామానికి తరలినప్పుడు దూరపు గ్రామాల వృద్ధులకు, పిల్లలకు ప్రయాణ భారం పెరుగుతుంది. ఈ లోటును కొంత పూడ్చుటకు దూరపు గ్రామాల తరఫున ‘స్టారోస్టా’ అనే ప్రతినిధి పనిచేస్తాడు. దరఖాస్తులు స్వీకరించుట, గ్రామ సమస్యలను మండలికి నివేదించుట అతని విధులు.

పరిశోధకులు గమనించవలసినవి

ఇవానివ్కా వంటి పేర్లు అనేక గ్రామాలకు ఉన్నందున గ్రామం పేరుతో పాటు హ్రొమాడ, రయోన్, ఒబ్లాస్ట్ పేర్లు కూడ నమోదు చేయవలెను. 2020లో రూపొందిన ప్రాదేశిక కోడ్‌ను వాడుట మరింత శ్రేయస్కరం. దీర్ఘకాలిక పోలికలకు సరిహద్దులు మారని ఒబ్లాస్ట్‌నే ప్రమాణంగా గ్రహించుట సురక్షితం. జిల్లా స్థాయి విశ్లేషణ తప్పనిసరియైనచో పాత రయోన్ల లెక్కలను కొత్త సరిహద్దులకు అనుగుణంగా కూర్చుకొనవలెను. 2014 నుండి ఆక్రమిత ప్రాంతాల వివరాలు అధికారిక గణాంకాల్లో చేరుటలేదు. 2023 జూన్ 6న కఖోవ్కా ఆనకట్ట ధ్వంసమై దక్షిణ స్టెప్పీలోని కాలువలకు నీరు కరువైనది. విస్తీర్ణంలో కనిపించే తగ్గుదలను రైతు నిర్ణయంగా భావించుటకు ముందు ఈ కారణాలను విడదీసి చూచుట అవసరం.