సింహాసనం కారు, జొన్నబెండు జీపు

పిల్లలూ! హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డు మీలో చాలామంది ఎరిగే ఉంటారు. సూర్యాపేట, కోదాడ ఆ రోడ్డు మీదనే ఉన్నాయి. మా మిర్యాలగూడ దానికి దక్షిణంగా, రైలుదారిలో ఉన్నది. ఆ రోడ్డుకు ఒక కొసన రాజుగారి కారు ఒకటి ఉన్నది. రెండో కొసన బొమ్మలు చేసే ఊరు ఉన్నది. ఈ రెంటికీ నడుమ, కోదాడ దగ్గర ఒక పల్లెటూళ్ళో, నేను ఒక జీపును పాడుచేశాను. ఈ నెల మీకు ఆ సంగతులన్నీ చెబుతాను.

ముందు రాజుగారి కారు చూద్దాం. హైదరాబాదు పాతబస్తీలో చౌమహల్లా అనే నిజాముల భవనం ఉన్నది. అందులో పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారు ఒకటి అద్దాల వెనక నిలిచి ఉంటుంది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానిని చేయించమని ఇంగ్లండుకు ఆర్డరు ఇచ్చాడు. కాని 1911 ఆగస్టులో ఆయన చనిపోయాడు. కారు వచ్చేటప్పటికి ఆయన కొడుకు ఉస్మాన్ అలీఖాన్ రాజ్యం చేస్తున్నాడు. వెనక సీటు సింహాసనం మాదిరిగా ఎత్తుగా ఉంటుంది; అందుకే దానిని సింహాసనం కారు అంటారు. అది ఎన్నో ఏళ్ళపాటు నాలుగువందల మైళ్ళు కూడా తిరగలేదని చెబుతారు. సూర్యాపేట నుంచి హైదరాబాదుకు రెండుసార్లు పోయివస్తే దాదాపు అంత దూరం అవుతుంది. అంత గొప్ప కారుకు అంత చిన్న ప్రయాణం!

ఆ కాలపు కార్లలో చాలావాటికి గట్టి కప్పు ఉండేది కాదు. ఎందుచేతనంటే మొదటి కార్లు గుర్రబ్బండ్ల పోలికతో పుట్టాయి. బండికి గుర్రాన్ని తీసి ఇంజను పెట్టినట్టే ఉండేవి. ఎండ కాసినా, వాన కురిసినా గుడ్డ టాపు పైకి లాగేవారు. లేనప్పుడు వెనక్కు మడిచేవారు. అమెరికాలో ఫోర్డు కంపెనీ 1908 నుంచి 1927 దాకా చేసిన టి మోడలు కార్లు కోటిన్నరకు పైగా అమ్ముడుపోయాయి. వాటిలో మొదటి ఏళ్ళలో వచ్చినవి ఎక్కువగా గుడ్డ టాపువే. కారు పైకప్పంతా కలిపి ఒకే ఉక్కు రేకుతో అచ్చు వేయటం చాలాకాలం ఎవరికీ సాధ్యం కాలేదు. జనరల్ మోటార్సు వారు 1935 మోడళ్ళలో అది చేసి చూపించారు. తరవాత టాపు మడిచే కారు అవసరానికి గాక సరదాకు కొనేదయింది. మన ఊళ్ళలో పెళ్ళి ఊరేగింపుల్లో టాపు తీసేసిన జీపు చూశారు కదూ? అది కూడా ఆ జాతిదే.

మీకొక ప్రశ్న. పైకప్పు తీసేస్తే కారు బరువు తగ్గాలి కదా? కాని టాపు మడిచే కారు, అదే రకం కప్పు కారుకన్న చాలాసార్లు ఎక్కువ బరువు ఉంటుంది! ఇదేం విడ్డూరం అంటారా? నేను చెబితే నమ్మవద్దు, చేసి చూడండి. చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకోండి. మూతపెట్టి చుట్టూ దారంతో గట్టిగా కట్టండి. రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, తడిబట్టను పిండినట్టు మెలితిప్పండి. పెట్టె లొంగదు. ఇప్పుడు మూత తీసి మళ్ళీ తిప్పండి. సులువుగా వంకరపోతుంది. మూత కేవలం వాన ఆపటానికే కాదు, పెట్టెను బిగించి ఉంచటానికి కూడా అన్నమాట. కారుకు కప్పు కూడా అంతే. అది తీసేసినప్పుడు గుంతల రోడ్డులో కారు మెలిపడకుండా అడుగుభాగాన అదనంగా ఉక్కు వేయవలసి వస్తుంది. బరువు పెరగటానికి కారణం అదే.

ఇక రోడ్డు రెండో కొసకు పోదాం. కోదాడ దాటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశిస్తే, విజయవాడ చేరకముందే కొండపల్లి వస్తుంది. అక్కడివారు తెల్లపొణికి అనే తేలిక కర్రతో బొమ్మలు చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో ముక్కలు అతుకుతారు. అంబారీ ఏనుగులూ ఎద్దుబండ్లూ అట్లా తయారవుతాయి.

లోహంతో చేసే బొమ్మకార్ల కథ వేరు. తుత్తునాగం ముఖ్యంగా ఉన్న మిశ్రలోహాన్ని కరిగించి, ఉక్కు అచ్చులోకి బలంగా నెట్టి వాటిని పోతపోస్తారు. ఇంగ్లండులో 1934 నుంచి డింకీ పేరుతో ఇట్లాంటివి అమ్మారు. కొన్ని డింకీ అచ్చులు తరవాత మన కలకత్తా చేరి, 1960ల చివరలో నికీ అనే పేరుతో బొమ్మకార్లయినాయి.

మ్యాచ్‌బాక్సు కార్లు ఎట్లా పుట్టాయో తెలుసునా? జాక్ ఒడెల్ అనే ఇంగ్లీషు ఇంజనీరుకు ఒక కూతురు ఉండేది. అగ్గిపెట్టెలో పట్టేంత బొమ్మలే బడికి తేవచ్చునని ఆమె బడిలో నియమం. తండ్రి రోడ్డు చదునుచేసే ఆవిరి రోలరును అంత చిన్నదిగా ఇత్తడితో చేసి ఇచ్చాడు. తోటిపిల్లలంతా అట్లాంటిదే కావాలన్నారు. 1953లో అగ్గిపెట్టె పేరుతోనే ఆ బొమ్మలు బజారుకు వచ్చాయి.

ఆ బడివారు బొమ్మను వద్దనలేదు, కొలత మాత్రం పెట్టారు. నేను అంత తెలివిగా నడుచుకోలేదు.

1990లలో కోదాడ దగ్గర ఒక ఊరి బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఏడో తరగతికి వారం రోజులుగా నిష్పత్తి చెబుతున్నాను. ఎవరికీ తలకెక్కటం లేదు. ఒకనాడు వెనక వరసలో ఒక అబ్బాయి ఒళ్ళో ఏదో పెట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు. పోయి చూస్తే జొన్నబెండుతో చేసిన జీపు! బెండు చెక్కి, జొన్నకర్ర పేళ్ళు గుచ్చి, పాత గుడ్డతో టాపు కట్టాడు. ఆ టాపు నిజంగా మడిచి ఎత్తవచ్చు. నేను కోపంతో లాక్కున్నాను. బెండు ఎంత మెత్తనిదో మీకు తెలుసు. నా గుప్పిట్లోనే అది నలిగిపోయింది.

పిల్లవాడు ఏడవలేదు. "మండలాఫీసు జీపు సార్, కొలిచి చేసిన" అన్నాడు.

"ఎట్లా కొలిచావురా?" అన్నాను.

"జీపు మీద జానకు, బొమ్మ మీద ఒక వేలు వెడల్పు సార్. జీపు పదిహేను జానలు, బొమ్మ పదిహేను వేళ్ళు."

నా నోట మాట రాలేదు. పన్నెండు వేళ్ళ వెడల్పు ఒక జాన. అంటే ఆ అబ్బాయి 1:12 నిష్పత్తిలో జీపు చేశాడు. వారంనుంచి నేను చెప్పలేక సతమతమవుతున్న పాఠం నా చేతిలోనే నలిగి ఉన్నది! తరగతి ముందే నాది తప్పని ఒప్పుకున్నాను. మరునాడు బోర్డు దగ్గర నిలబడి అతనే పాఠం చెప్పాడు. తరగతంతటికీ తెలిసింది. కాని, మళ్ళీ ఒక జీపు చేసి చూపమని ఎన్నిసార్లు అడిగినా అతను చేయలేదు. నేనూ బలవంతపెట్టలేదు.

ఈనాడు పాత బొమ్మకార్లను పెట్టెలోంచి తీయకుండా దాచేవారు ఉన్నారు. ముచ్చటే! కాని దాచినంతమాత్రాన అన్నీ నిలవవు. 1930లనాటి కొన్ని డింకీ బొమ్మల లోహంలో సీసం రవ్వంత కలిసిపోయింది. ఆ మలినంవల్ల అవి ఎవరూ ముట్టుకోకుండానే ఏళ్ళు గడిచేకొద్దీ పగుళ్ళుబారి పొడి అయిపోయాయి. జొన్నబెండు జీపు అంతకన్న తొందరగా పోతుంది. అయినా చేసినవాడి చేతిలో ఆ కొలత మిగిలే ఉంటుంది.

ఈసారి జొన్న కోతలకు నాలుగు కర్రలు తెచ్చుకోండి. మీ వీధిలో ఉన్న బండిని, దాని యజమానిని అడిగి, జానలతో కొలవండి. జానకు వేలు చొప్పున బొమ్మ చేయండి. అది బడికి తీసుకుపోయే ముందు మీ మాస్టారికి ఒక మాట చెప్పండి. మాస్టార్లు ఎవరైనా ఇది చదువుతుంటే వారికీ ఒక మనవి: లాక్కోవటానికి ముందు, ఎట్లా కొలిచావని ఒక్కసారి అడగండి.