జస్టిస్ చిన్నప్పరెడ్డి: మన పిల్లల బడి, రిజర్వేషన్‌తో ముడిపడిన తీర్పులు

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే సైనిక్‌పురి, కాప్రా వైపు ముస్లిం కుటుంబాలు కూడా మీసేవ కేంద్రాల ముందు క్యూ కడతాయి. కావాల్సింది బీసీ-ఈ సర్టిఫికెట్. ఆ కాగితం వెనుక ఎన్నో ఏళ్ల కోర్టు వాదనలు ఉన్నాయి. ఆ వాదనలకు బలమిచ్చిన వాళ్లలో ఒక తెలుగు జడ్జి ఉన్నారు. ఆయనే జస్టిస్ ఓ.చిన్నప్పరెడ్డి.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి

1922లో పుట్టిన చిన్నప్పరెడ్డి 1967లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి అయ్యారు. ఎమర్జెన్సీలో, 1976లో, చాలామంది హైకోర్టు జడ్జీలను వేరే రాష్ట్రాలకు పంపేశారు. అప్పుడు ఆయన్ని పంజాబ్-హర్యానా హైకోర్టుకు మార్చారు. 1978లో సుప్రీంకోర్టుకు వెళ్లి, 1987లో రిటైరయ్యారు. అమెరికాలో ఫెడరల్ అప్పీల్ కోర్టు జడ్జిది జీవితకాల పదవి. మన దగ్గర సుప్రీంకోర్టు జడ్జి 65 ఏళ్లకు దిగిపోవాలి. అందుకే ఇక్కడ జడ్జి వెళ్లిపోయినా తీర్పే మిగులుతుంది.

ముగ్గురు పిల్లల కేసు

1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి తీసేశారు. వాళ్లు యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందినవాళ్లు. జాతీయగీతం వచ్చినప్పుడు గౌరవంగా లేచి నిలబడేవాళ్లు కానీ, విశ్వాసం ఒప్పుకోదని పాడేవాళ్లు కాదు. హైకోర్టులో ఓడిపోయారు. 1986లో సుప్రీంకోర్టులో జస్టిస్ చిన్నప్పరెడ్డి బెంచ్ పిల్లల పక్షాన తీర్పిచ్చింది. పాడాల్సిందేనని చెప్పే చట్టం ఏదీ లేదు, నిలబడి గౌరవం చూపారు కాబట్టి అవమానం జరగలేదు, నిజాయితీగా నమ్మిన విశ్వాసానికి రాజ్యాంగ రక్షణ ఉంది అని తేల్చింది.

ఇది మనకెందుకు అంటారా? 2022లో కర్ణాటక హిజాబ్ కేసులో సుప్రీంకోర్టు జడ్జీలిద్దరూ వేర్వేరు తీర్పులిచ్చారు. అమ్మాయిల వైపు నిలిచిన జస్టిస్ సుధాంశు ధూలియా ఆధారం చేసుకున్న వాటిలో ఈ 1986 తీర్పు ముఖ్యమైనది.

దయ కాదు, హక్కు

1985లో వసంత్‌కుమార్ కేసులో రిజర్వేషన్లపై ఐదుగురు జడ్జీలు తలో అభిప్రాయం రాశారు. వెనుకబడినవాళ్లు అడిగేది దానం కాదు, హక్కు అని చిన్నప్పరెడ్డి రాశారు. రిటైరయ్యాక కర్ణాటక మూడో వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షుడయ్యారు. 1990లో ఇచ్చిన నివేదికలో, అక్కడి ముస్లింలను మొత్తంగా వెనుకబడిన తరగతిగా చూడాలని సిఫార్సు చేశారు. 1995లో అక్కడ 2బి పేరుతో 4 శాతం కోటా వచ్చింది. 2023లో అప్పటి ప్రభుత్వం దాన్ని తీసేయాలని చూసింది. విషయం సుప్రీంకోర్టుకు చేరడంతో ఆ నిర్ణయం అమలు ఆగింది.

మన రాష్ట్రాల్లో ఏం జరిగింది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో, 2005లో 5 శాతం ఇచ్చారు. రెండూ హైకోర్టులో నిలబడలేదు. వెనుకబాటును సరైన సర్వేతో, సరైన కొలతలతో నిరూపించలేదన్నది కోర్టు పట్టుకున్న ముఖ్యమైన లోపం. 2007లో 4 శాతంతో బీసీ-ఈ చట్టం తెచ్చారు. ఈసారి ముస్లింలందరికీ కాదు. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి వర్గాలను పక్కనపెట్టి, షేక్ వంటి వర్గాలను చేర్చారు. దూదేకులవాళ్లు అప్పటికే బీసీ-బిలో ఉన్నారు. 2010లో హైకోర్టు దీన్నీ కొట్టేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడంతో కోటా నిలిచింది.

అంటే పిల్లల చేతిలో ఉన్న సర్టిఫికెట్‌ను నిలబెట్టింది ఒక మధ్యంతర ఉత్తర్వు. కోర్టులు మళ్లీ మళ్లీ అడిగేది ఒక్కటే: లెక్కలేవి? మతం పేరు చెబితే సరిపోదు, చదువులో, ఉద్యోగాల్లో, బతుకుదెరువులో ఎంత వెనుకబడ్డామో అంకెల్లో కనిపించాలి. అందుకే సర్వేకు ఎవరైనా ఇంటికొస్తే వర్గం పేరు, చదువు, పని వివరాలు దాచకుండా, సరిగ్గా చెప్పడం మంచిది. 'ముస్లిం' అని మాత్రమే రాయించి వదిలేస్తే ఏ వర్గం ఎక్కడుందో లెక్క తేలదు.

జస్టిస్ చిన్నప్పరెడ్డి 2013 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన పేరు మన ఇళ్లలో పెద్దగా వినపడదు. కానీ బడిలో పిల్లల విశ్వాసం గురించో, కాలేజీ సీటు గురించో కోర్టులో వాదన మొదలైతే, లాయర్లు ఇప్పటికీ ఆయన రాసిన పేజీలు తిరగేస్తారు.